బిడ్డ అనుకున్నది

గిద్దలూరు మిషనాసుపత్రి,
1958 మార్చి 28

మంద వెనక ఎండలో తిరిగే మా బావకు, ఆసుపత్రి మంచం మీద నుంచి నీ శ్రీశైలమ్మ రాసుకునే సంగతులు.

ఈ ఉత్తరాన్ని టీ దుకాణం మాలకొండయ్యన్నతో చదివించుకోవద్దు. నీకు చదవడం వచ్చు. మన సత్యానందం పంతులు నిన్ను ఊరికే కొట్టలేదు. పామూరు సంతలో జనం లేని చోటు చూసుకుని, కూడబలుక్కుంటూ అయినా సరే నువ్వే చదువుకో. నోటితో నీ పేరు ఎప్పుడూ చెప్పనిదాన్ని, కవరు మీద మాత్రం రాయక తప్పలేదు. ఆ నాలుగక్షరాలు రాయడానికే సిగ్గుపడ్డాను. లోపల రాయాల్సింది సిగ్గుతో పోయేది కాదు. అందుకే ముందే రాసేస్తున్నాను.

బావా, నా కడుపులో బిడ్డ లేదు.

పోయిందనుకునేవు. పోలేదు. అసలు ఎప్పుడూ లేదు. మనం బిడ్డ అనుకున్నది ఒక రోగం. ఈ నెల మొదట్లోనే డాక్టరమ్మ కోసి తీసేసింది. నేను బతికే ఉన్నాను, కుట్లు మానుతున్నాయి, నిన్న వరండా దాకా నడిచాను. ముందు ఈ మాట చదివి, గుండె నిమ్మళం చేసుకుని, ఆ తర్వాత మిగతాది చదువు.

నువ్వు గొర్రెల మందను మేతకు తోలుకుని దిగువ ఊళ్ళకు పోయే రోజు నా పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఈసారి నిలిచిందిలే పిల్లా" అన్నావు. నీ చెయ్యి ఎంత గరుకుగా ఉందో ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంది. పెళ్లయి ఎనిమిదేళ్ళు. నెల తప్పింది, వాంతులు అయ్యాయి, పొట్ట ఎత్తుగా వచ్చింది. ఇంకేం కావాలి. మంత్రసాని పుష్పమ్మ చూసి అయిదో నెల అంది. అత్త వాడలో ఆడవాళ్ళందరినీ పిలిచి నాకు గాజులు తొడిగించింది. కదిలిందని నీకు కార్డు రాసింది కూడా నేనే గదా. అది అబద్ధం కాదు బావా. నాకు నిజంగానే కదిలినట్టు అనిపించింది. పేగుల్లో గాలి కదిలినా బిడ్డే అనుకునే స్థితిలో ఉన్నాను నేను.

తర్వాత తర్వాత అన్నం సయించలేదు. చేతులు పుల్లల్లాగా అయ్యాయి, పొట్ట మాత్రం పెరుగుతూనే పోయింది. "లోపల ఉండేది మొగపిల్లోడు, తల్లిని పీల్చుకుంటా ఉండాడు" అని అత్త సంబరపడింది. చివరికి పడుకుంటే ఊపిరి ఆడకపోయేసరికి అర్ధవీడు నుంచి కంభం దాకా బండిలో, అక్కడి నుంచి రైల్లో ఇక్కడికి తీసుకొచ్చింది. డాక్టరమ్మ పేరు దయామణి. మార్కాపురం మనిషి, మనలాగే మాట్లాడుతుంది. చెవికి గొట్టం పెట్టుకుని పొట్ట మీద ఒకచోట వినింది, ఇంకోచోట వినింది, మళ్ళీ మొదటిచోటే వినింది. "పోయిన ఏడు ఎప్పుడన్నా కుడిపక్క కింద నొప్పి వచ్చిందా?" అని అడిగింది. వచ్చింది గదా, నీకు గుర్తుండే ఉంటుంది, ఉప్పు వేయించి గుడ్డలో కట్టి కాపడం పెట్టావు. ఆ మాటే చెప్పాను.

"శ్రీశైలమ్మా, బిడ్డ గుండె వినపడలేదు. చేతికి బిడ్డ తల తగలలేదు. ఇది కాన్పు కాదమ్మా" అంది.

నేనూరుకుంటానా. "నీ గొట్టం చెడిపోయిందేమో, ఇంకోటి తెచ్చుకో" అన్నాను. ఆమెకు కోపం రాలేదు. గొట్టం నా చెవుల్లోనే పెట్టి, "నువ్వే విను" అంది. విన్నాను. లోపల నా పేగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇంకాసేపు, ఇంకాసేపు అంటూ వింటూనే ఉన్నాను. ఆ తల్లి తన పని మానుకుని అంతసేపూ నా పక్కనే నిలబడింది.

కోశాక చూస్తే సంగతి ఇదంట. చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసేచోట చిటికెన వేలంత తోక ఒకటి ఉంటుంది, దాన్ని ఉండుకం అంటారు. దానివల్ల మనకేమీ పని లేదంట. నాకు ఆ తోకలో గడ్డ పుట్టింది. గడ్డలో జిగురు ఊరి, ఊరి, తోక ఉబ్బి, ఒక దినం పగిలింది. జిగురంతా కడుపులో పరుచుకుంది. తుమ్మజిగురు నానబెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉందంట, బేసిన్లతో తీసి పోశారు. పిల్లలకు ఆధారమైన గుడ్డుసంచులు రెండింటినీ ఆ జిగురు కప్పేసి ఉంటే, వాటినీ తీసేశారు. అంటే నీకు అర్థమయ్యే ఉంటుంది. ఇప్పుడు లేదనే కాదు, ఇక ముందు కూడా నాకు పిల్లలు పుట్టరు. ఈ వాక్యం రాసి పెన్ను పక్కన పెట్టి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను.

అత్త ఆ బేసిన్లు చూసింది. నాకు తెలివి వచ్చాక మంచం పక్కన కూర్చుని, "ఇన్ని దినాలు దేన్ని మోసినావే నా తల్లీ" అని ఒక్క మాట అంది. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. రోజూ పొద్దున నా తల దువ్వుతుంది. మీ అమ్మ నోటికి అడ్డం లేదని నీతో ఎన్నిసార్లు చాడీలు చెప్పానో, అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. కోత తర్వాత కాస్త కూర్చోగలిగిన రోజే నీకు కార్డు రాశాను. "గిద్దలూరులో డాక్టరమ్మ దగ్గర ఉన్నాను, భయం లేదు" అని రాశాను. బిడ్డ సంగతి రాయలేదు. ఎందుకు రాయలేదంటే, గొర్రెలు ఈనే రోజులు, రాత్రికొక రైతు చేలో ఎరువుకు మంద పెట్టే రోజులు. నువ్వు మందను వదిలి పరుగెత్తుకొస్తే ఓబులయ్య మామ ముసలివాడు, కుర్రాళ్ళిద్దరిని పెట్టుకుని ఎట్లా కాస్తాడు అనుకున్నాను. ఇది పైకి చెప్పుకునే కారణం. లోపలి కారణం ఇంకోటి ఉంది. నా కడుపులో బిడ్డ లేదని ఇక్కడ అందరికీ తెలిసిపోయింది. నీకొక్కడికే తెలియదు. నీ తలపులోనైనా ఇంకో నాలుగు రోజులు నేను నీ బిడ్డ తల్లిగా ఉండాలని ఆశపడ్డాను. అక్కడ నువ్వు గడ్డం పెంచుకుని తిరుగుతూ ఉంటావు. ఎవరైనా "ఏందన్నా గడ్డం" అంటే "ఇంట్లోది కడుపుతో ఉంది" అని చెప్పుకుంటూ ఉంటావు. కడుపుతో ఉన్నదాని మొగుడు గడ్డం తీయకూడదు, పాడె మోయకూడదు అని మన పెద్దలు పెట్టిన కట్టు. ఆ గడ్డం తీయించుకో అని ఏ నోటితో రాయను? నిన్ను గడ్డంతో నేను చూడనే లేదు. రోజూ కళ్ళు మూసుకుని ఎట్లుంటావో ఊహించుకునేదాన్ని.

అట్లా ఉండగా నీ ఉత్తరం వచ్చింది. ఓబులయ్య మామ పోయాడని. నాకు వరసకు మామే గానీ, నీకు పెదనాయన అంటే నాయన తర్వాత నాయన గదా. మీ నాయన పోయినప్పటి నుంచి నీకు కర్ర పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పింది ఆయనే. ఆయనకు కొడుకులు లేరు, నువ్వే కొడుకువి. అట్లాంటి మనిషి పరాయి ఊళ్ళో, చేని గట్టు మీద ప్రాణం వదిలితే, "నా పెళ్ళాం కడుపుతో ఉందని నన్ను ముట్టనీలేదు, దూరంగా నిలబడి చూసినాను" అని రాశావు. ఆ ముక్క చదివాక నేను మనిషిని కాలేదు బావా. లేని బిడ్డ కోసం నువ్వు దూరంగా నిలబడ్డావు. లేదని నాకు అప్పటికే తెలుసు. నాలుగు రోజుల ముచ్చట కోసం నేను నోరు మూసుకుంటే, నువ్వు మామకు భుజం పట్టలేకపోయావు. ఈ కోత ఎప్పటికో మానుతుంది. ఇది మానదు. నువ్వు తిట్టినా, మాట్లాడకపోయినా నేను పడాల్సిందే.

ఇంకొక్కటి చెప్పాలి, దాచడం ఇక నావల్ల కాదు. గడ్డ ముక్కను మద్రాసుకు పంపారు, మొన్న కాగితం వచ్చింది. డాక్టరమ్మ నా మంచం మీదే కూర్చుని చెప్పింది. "ఇది చానా అరుదైన గడ్డ. నేను చదువుకునేటప్పుడు ఒక్కసారి చూసినా, మళ్ళీ నీ కడుపులోనే చూడడం. మంచి సంగతేందంటే ఇది నెత్తుట్లో కలిసి గుండెకూ ఊపిరికీ పాకే రకం కాదు. ఉన్నచోటే నిదానంగా ఊరుతుంది. పగలకముందే తీసి ఉంటే ఆ తోకతోనే సరిపోయుండేది. చెడ్డ సంగతేందంటే పగిలింది. నేను కంటికి కనపడిందంతా తీసినా. కనపడనిది ఎక్కడన్నా మిగిలి ఉంటే మళ్ళీ ఊరొచ్చు. దానికి మందు లేదు, మళ్ళీ కోసి తీయడమే" అంది.

"ఎన్నాళ్ళు బతుకుతా?" అని అడిగాను.

"చెప్పలేను. రెండు మూడేళ్ళకే మళ్ళీ వచ్చినోళ్ళు ఉండారు. పదిహేనేళ్ళు ఏమీ కాకుండా తిరిగినోళ్ళూ ఉండారని చదివినా. ఆరు నెలలకొకసారి వచ్చి కడుపు చూపించుకో. పొట్ట పెరిగినట్టుంటే రేపు మాపు అనకుండా రా" అంది. తెలియనిది తెలియదని చెప్పే డాక్టరు మీద నాకు నమ్మకం కుదిరింది.

నా బతుకు చూడు బావా. ఎనిమిదేళ్ళు ఈ పొట్ట పెరగాలని మొక్కాను. ఇక మిగిలిన రోజులన్నీ పెరగకూడదని మొక్కాలి.

ఇక్కడ కిటికీలోంచి రైలు కట్ట కనపడుతుంది. మార్కాపురం వైపు నుంచి బండి వచ్చినప్పుడల్లా దిగేవాళ్ళను చూస్తాను. నువ్వు రావని తెలుసు. ఈ ఎండల్లో నువ్వు ఏ చేలో ఉన్నావో, అంబలి ఎవరు కాస్తున్నారో, కాళ్ళ పగుళ్ళకు ఆముదం రాసుకుంటున్నావో లేదో అని అదే ధ్యాస. నిన్ను చూడాలని ఉంది. ఊరికే మంచం పక్కన కూర్చుని గొర్రెల వాసనతో ఏదో ఒకటి సణుగుతూ ఉంటే చాలు. రమ్మని మాత్రం రాయను. రమ్మనే హక్కు పోగొట్టుకున్నాననిపిస్తోంది. వాన పడి మంద ఇంటికి మళ్ళేనాటికి నేను అర్ధవీడులోనే ఉంటాను. అప్పుడు నాతో ఎట్లా ఉండాలో నువ్వే ఆలోచించుకో.

గడ్డం తీయించుకో బావా.

నీ కోసమే చూస్తూ,
శ్రీశైలమ్మ


పామూరు,
ఏప్రిల్ 4

మా శ్రీశైలానికి,

ఇది ఎవరి చేతా రాయించలేదు, నేనే రాస్తున్నాను. తప్పులుంటే నేను వచ్చినాక దిద్దుదువుగానీ. చిన్నప్పుడు బళ్ళో కూడా అదే పని గదా నీకు.

సంత దినం మాలకొండయ్యన్న కవరు చేతిలో పెట్టినాడు. నువ్వు చెప్పినట్టే చింతతోపులోకి పోయి విప్పినాను. "నా కడుపులో బిడ్డ లేదు" అన్న దగ్గర ఆగిపోయినాను. అక్కడే చెట్టు మొదట్లో కూర్చున్నాను. ఉత్తరం కిందపడింది, దాన్ని తీసి మళ్ళీ చదివే ధైర్యం చాలాసేపు రాలేదు. ఎందుకంటే ఆ బిడ్డను నేనే చంపినాననుకున్నాను.

నీకు అబద్ధం రాసినాను పిల్లా. నేను దూరంగా నిలబడలేదు. పెదనాయనను నేనే మోసినాను.

ఆయన తెల్లవారి గొర్రెలను లేపుతూ లేపుతూ గట్టు మీద ఒరిగిపోయినాడు. మనది కాని ఊరు. ఎవరి చేలో మంద పెట్టినామో ఆ రైతు, శవానికి బండి ఇయ్యనన్నాడు. పాలేరు ఒకాయన మాత్రం జాలిపడి వచ్చినాడు. ఆయన, మనతో మంద కాసే అంకన్న, పిచ్చయ్య. నేను తప్పుకుంటే ముగ్గురే. "నువ్వు ముట్టగాకు అన్నా, వదిన కడుపుతో ఉంది. మేం గొంగట్లో ఏసుకుని ఈడ్చుకుపోతాం" అన్నాడు అంకన్న. నేను ఒప్పుకున్నాను కూడా. పది అడుగులు ఈడ్చినారో లేదో, పెదనాయన కాలు గొంగడి బయటికి జారి రాళ్ళ మీద తగులుతూ పోతా ఉంది. ఆ కాళ్ళ వెనకనే నేను చిన్నప్పటి నుంచి నడిచినాను. చూడలేకపోయినాను. రెండు కర్రలు కట్టి పాడె చేసి, ముందు పక్క నేను ఎత్తుకున్నాను. గుంతలో దించింది కూడా నేనే.

బావి దగ్గర తలకు పోసుకుని, ఈ సంగతి ఎవరికీ చెప్పబోమని ఆ ఇద్దరి చేత మంద మీద ఒట్టు వేయించుకున్నాను. నీకు తెలిస్తే భయానికే నీకు ఏమన్నా అవుతుందని అట్ల రాసినాను. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. సంత వచ్చిందంటే కవరు వస్తుందేమోనని భయం, రాకపోతే ఇంకో భయం. గొర్రె ఈనలేక అరిస్తే నువ్వే అరిచినట్టు ఉండేది. ఒక గొర్రెకు చచ్చిన పిల్ల పుట్టింది. పిచ్చయ్య నా మొహం చూసి దాన్ని నా కంటపడకుండా పూడ్చిపెట్టి వచ్చినాడు.

చింతతోపులో కూర్చుని, చివరికి గుండె రాయి చేసుకుని ఉత్తరం మళ్ళీ తీసినాను. "అసలు ఎప్పుడూ లేదు" అని ఉంది. ఆ ముక్క ఎన్నిసార్లు చదివినానో. నేను చంపలేదు, నేను చంపలేదు అని పైకే అనుకున్నాను. బిడ్డ లేదంటే ఏడవాల్సిన మనిషిని, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత కోత, బేసిన్లు, మద్రాసు కాగితం, అన్నీ చదివినాను. అప్పుడు వచ్చింది ఏడుపు. సంతకు పోయే ఆడోళ్ళు ఎవరో నిలబడి, "ఎవరు పోయినారు నాయనా" అని అడిగినారు. ఏం చెప్పను, ఎవరూ పోలేదు అని చెప్పినాను.

నువ్వు దాచినందుకు నాకు కోపం లేదు. నువ్వు నోరు మూసుకున్నందువల్ల పెదనాయనకు ఏ లోటూ జరగలేదు, అది ఈ దినంతో మర్చిపో. కోపం ఒకటే. కత్తి కిందికి నువ్వు ఒక్కదానివే పోయినావు, నేను ఇక్కడ గొర్రెలు లెక్కపెట్టుకుంటా ఉండినాను. మంద ఎవరు కాస్తారు అనుకున్నావంట. మంద పోతే మళ్ళీ కట్టుకుంటాం గదే.

అంకన్నకు, పిచ్చయ్యకు అన్నీ చెప్పినాను. "మందను మేం చూసుకుంటాం, నువ్వు పో అన్నా" అని వాళ్ళే నా గొంగడి మడిచి చేతికిచ్చినారు. రేపు పొద్దున కనిగిరి మీదుగా బస్సుకు మార్కాపురం, అక్కడ రైలు. ఈ ఉత్తరం ముందు వస్తుందో నేను ముందు వస్తానో. డాక్టరమ్మ దగ్గరికి ఆరు నెలలకొకసారి నేనే తీసుకొస్తాను. మళ్ళీ ఊరితే మళ్ళీ తీయించుకుందాం. ఎన్నాళ్ళు అని మాత్రం ఆమెను ఇంకోసారి అడగొద్దు, నేను వినలేను.

నీకు పిల్లలు పుట్టరని రాసి, నాతో ఎట్లా ఉండాలో ఆలోచించుకో అన్నావు. దానికి జవాబు ఎప్పుడో ఇచ్చేసినాను, నీకు కాదు, దేవుడికి. పెదనాయన పాడె భుజానికి ఎత్తుకునే ముందు మల్లన్నకు మొక్కినాను. "కట్టు తప్పుతా ఉన్నాను సామీ, శిక్ష వేస్తే బిడ్డను తీసుకో, దాని తల్లిని నాకు వదిలిపెట్టు" అని మొక్కినాను. ఇంకా పుట్టని బిడ్డను నా నోటితో నేనే ఇచ్చేసినానే అని, నీ మొహం ఎట్ల చూడాలా అని ఇన్ని దినాలూ కుమిలిపోయినాను. ఇప్పుడు చూడడానికి వస్తున్నాను.

నీ బావ,
గురుస్వామి